పది ఆంపియర్ల అబద్ధం

పోయిన వస్తువును వెతకడానికి ఓపిక ఉంటే చాలు. దొరికిన వస్తువును ఇంకా వెతుకుతున్నట్టు కనబడాలంటే మాత్రం కాస్త నటన రావాలి. ఆ విద్యలో ఈ మధ్య నా చెయ్యి బాగానే తిరిగింది. ఖాజాగూడలో మా అపార్టుమెంటు సెల్లార్‌లో, ఆదివారం పూట, తెల్ల మారుతి 800 బానెట్ కింద నడుం దాకా దూరి చేతిలో టార్చిలైటుతో ఎవరైనా కనబడితే అది నేనే. వెతుకుతున్నది షార్ట్ సర్క్యూట్. అదెక్కడుందో నాకు తెలుసు. పైన మూడో అంతస్తులో తెలియదు.

కారు మా మామగారిది. 2001లో హనుమకొండలో కొన్నారు, ఏపీ 36 నంబరు. ఆయన విద్యుత్ బోర్డులో చేరి డీఈగా రిటైరయ్యారు. 1999లో బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది, ఆ తర్వాత రాష్ట్రమే విడిపోయింది, ఆయన నోట మాత్రం ఇప్పటికీ బోర్డే. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఇక స్టీరింగు ముట్టుకోవద్దని అత్తగారు తీర్పు చెప్పడంతో కారు మా సెల్లార్‌కి కాపురానికొచ్చింది. మా ఆవిడ ఇంటర్ పరీక్షలకి అందులోనే వెళ్ళింది. ఎంసెట్‌కి అందులోనే వెళ్ళింది. అప్పగింతలయ్యాక దాని వెనకసీట్లోనే ఏడుస్తూ తెనాలి దగ్గర మా ఊరికొచ్చింది. హనుమకొండ నుంచి తెనాలి దాకా అంత నిలకడగా ఏడవడం ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. కాబట్టి ఆ కారుని అమ్మేద్దాం అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. హైదరాబాదులో కొత్త 800ల అమ్మకం 2010 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. భారత్ స్టేజ్ 4 నిబంధన మొదట వచ్చిన 13 నగరాల్లో మనదీ ఒకటి. 2014 జనవరికి తయారీయే ఆపేశారు. పదిహేనేళ్ళు దాటిన బండిని ఐదేళ్ళకోసారి ఆర్టీయే ఆఫీసుకి తోలుకెళ్ళి, ఫిట్‌నెస్ నిరూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటాం. ఆ ఫిట్‌నెస్ పరీక్ష నాకు పెడితే ఏమవుతానో అని అక్కడ క్యూలో నిలబడ్డప్పుడల్లా అనిపిస్తుంది.

రోగం ఒక రాత్రి బయటపడింది. ఆఫీసు నుంచి వస్తూ ఖాజాగూడ చెరువు వైపు రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగానో లేదో, మీటరు లైట్లు ఆరిపోయాయి. ఇంజను బాగానే ఉంది, ముందు హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. పక్కనుంచి వెళ్తున్న డెలివరీ కుర్రాడు అద్దం తట్టి, "అన్నా, ఎనక లైట్లు లేవ్" అని చెప్పి ఎగిరిపోయాడు. ఇంటికొచ్చి డాష్‌బోర్డు కింద చూస్తే టెయిల్ లైట్ల ఫ్యూజు కొట్టేసింది. కొత్తది వేశాను. కొన్నాళ్ళు బుద్ధిగా ఉండి, మళ్ళీ ఓ రాత్రి స్పీడ్ బ్రేకర్ దగ్గరే పోయింది. పగలు పోదు, రాత్రే. ఆగి ఉంటే పోదు, కదిలితేనే. మెకానిక్ షెడ్డులో అసలే పోదు. బిల్లు కట్టి గేటు దాటాక పోతుంది.

సెల్లార్‌లో బానెట్ ఎత్తితే చాలు, సలహాలు తమంతట తామే లిఫ్టు దిగి వస్తాయి. ఒకాయన ఫ్యూజు చూసి, "ఇది పది ఆంపియర్లండీ, ఇరవై వేసెయ్యండి, జన్మలో పోదు" అన్నారు. ఈ కార్లలో ఫ్యూజుకి రంగే అంకె: ఎరుపు పది, నీలం పదిహేను, పసుపు ఇరవై. ఎర్రది తీసి పసుపుది పెట్టడం చిటికెలో పని. కానీ ఫ్యూజు కాపాడేది బల్బుని కాదు, వైరుని. పది ఆంపియర్ల లెక్కన వేసిన సన్నటి వైరుకి ఇరవై ఫ్యూజు కాపలా పెడితే, సగం సగం తగిలే షార్టులో ఫ్యూజు నిబ్బరంగానే ఉంటుంది. ముందు వైరు కాలుతుంది, తర్వాత దాని మీది ప్లాస్టిక్కు, తర్వాత సీటు, ఆ సీట్లో ఉన్న నేను. సిగరెట్ పెట్టెలో వెండికాగితం చుట్టే మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్ళ కార్ల పక్కన నేను పార్కింగ్ చెయ్యను.

ఇంకో ఆయనది ఎలక్ట్రిక్ కారు. రోజూ గోడకున్న చార్జరు తగిలించేటప్పుడు నా వైపు జాలిగా చూసేవాడు. ఓ పొద్దున ఆయన కారు తలుపులే తీసుకోలేదు. కింద అన్ని వందల వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నా, తాళాలూ స్క్రీనూ మేలుకోవడానికి అందులోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటుంటుంది, అది డౌనైంది. నా జంపర్ కేబుళ్ళు అడిగి పుచ్చుకుని, 800 బ్యాటరీ నుంచి ప్రాణం పోసుకుని వెళ్ళాడు. ఆ రోజు నేను ఆఫీసులో ఏం పని చేశానో గుర్తులేదు. చాలా సంతోషంగా మాత్రం ఉన్నాను.

అసలు ఈ షార్టు ఎందుకింత దొంగదో చెప్పాలి. మన ఇళ్ళలో కరెంటు ఒక వైరులో వచ్చి ఇంకో వైరులో తిరిగి వెళ్తుంది. కారులో బల్బు దాకా వెళ్ళేది ఒక్క వైరే. తిరుగుదారి కారు బాడీయే. బ్యాటరీ మైనస్‌ని రేకుకి బిగించేస్తారు, వైరు ఆదా. (పాత బ్రిటిష్ కార్లు చాలావాటిలో 1960ల దాకా ప్లస్‌ని బాడీకి బిగించేవారు. ఆ కార్లకి ఇప్పటి రేడియో తగిలించబోయి కాల్చుకున్నవాళ్ళున్నారు.) ఆ ఆదాకి ధర ఏమిటంటే, కారు నిండా పరుచుకున్న రేకంతా మైనస్సే. ఏ మూలనైనా ఒక ప్లస్ వైరు తోలు ఒలిచిపోయి రేకుని తాకిందంటే కరెంటుకి బల్బు దాకా వెళ్ళే శ్రమ తప్పుతుంది, అక్కణ్ణుంచే ఇంటిముఖం పడుతుంది. దారిలో అడ్డు లేదు కనక వరదలా పడుతుంది. ఫ్యూజు క్షణంలో తెగుతుంది. తాకిన చోటు మాత్రం మళ్ళీ విడిపోయి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

టోలిచౌకి మెకానిక్ ఒకడు బానెట్ ఎత్తి, దించి, "పూరా వైరింగ్ బదల్నా పడ్తా సాబ్" అన్నాడు. అతని పక్కనే స్టూలు మీద కూర్చున్న ముసలి ఉస్తాద్ మాత్రం, పైసా తీసుకోకుండా, "ఫ్యూజ్ కీ జగహ్ బల్బ్ లగాకే దేఖో" అని ఒక్క ముక్క చెప్పాడు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కదా, ఒక్క ముక్కలో చెప్పిన సలహా మీద నమ్మకం కుదరక, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి డిజిటల్ మల్టీమీటరు కొన్నాను. దాన్ని ఆంపియర్లలో పెట్టి బ్యాటరీకి అటూ ఇటూ ఆనించాను. కారు ఫ్యూజు ఎందుకు పోతోందో చూడబోతే మీటరు ఫ్యూజు పోయింది.

అప్పుడు ఉస్తాద్ గుర్తొచ్చాడు. పద్ధతి ఇది. టెయిల్, సైడు బల్బులన్నీ ఊడదీస్తాం. ఫ్యూజు పీకి, ఆ గూట్లో ఇండికేటరుకి వాడే 21 వాట్ల బల్బుని రెండు వైర్లతో తగిలిస్తాం. లైట్ల స్విచ్ వేస్తాం. లైను బాగుంటే మీటరు బల్బుల పుణ్యాన మహా అయితే ఆ బల్బు కొంచెం ఎర్రబడుతుంది. ఎక్కడైనా వైరు బాడీకి తగిలిందా, నిండుగా భగ్గున వెలుగుతుంది. ఎంతసేపు తగిలినా ఆ బల్బు రెండు ఆంపియర్లు కూడా దాటనివ్వదు కాబట్టి వైరు కాలదు, ఫ్యూజులు ఖర్చవ్వవు. ఇక మిగిలిన పనల్లా వైర్లు ఊపుతూ బల్బుని చూడటం. ఊపేవాడు బానెట్ కింద ఉంటాడు, బల్బు డాష్‌బోర్డు కింద ఉంటుంది. అందుకని మా అమ్మాయిని ముందు సీట్లో కూర్చోబెట్టాను. దాని కూలి గంటకి ఒక ఐస్‌క్రీము. మొదటి వారం "డాడీ, వెలిగింది!" అని అరిస్తే పరిగెత్తుకెళ్ళి చూశాను, ఫోను స్క్రీను వెలిగింది.

ఎంత సేపని ఊపుతాం? ఒక కారులో వైరింగంతా విప్పి పరిస్తే ఎంత పొడుగుంటుందో దాని ముందు కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఇక్కడ మామగారు అక్కరకొచ్చారు. వర్షాకాలంలో 11 కేవీ ఫీడర్ ట్రిప్ అయిన కథ ఆయన ప్రతి పండగ భోజనంలోనూ చెప్తారు. స్తంభం స్తంభం వెతుక్కుంటూ పోరు. మధ్యలో ఏబీ స్విచ్ తెరిచి లైనుని రెండు ముక్కలు చేసి, సబ్‌స్టేషన్ వైపు సగాన్ని ట్రయల్ చార్జ్ చేస్తారు. నిలబడితే ఫాల్ట్ అవతలి సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్ళీ సగం. నేనూ అదే చేశాను. డ్రైవరు సీటు పక్కన వెనక్కి వెళ్ళే కనెక్టరు ఊడదీసి బండిని ఊపించాను. బల్బు అప్పుడూ వెలిగింది. అంటే వెనక సగం నిర్దోషి. దొంగ ముందు సగంలోనే ఉన్నాడు.

అమ్మాయి ఏదో పుట్టినరోజుకి వెళ్ళిన ఓ ఆదివారం దొంగ దొరికాడు. బల్బుని వైరుతో సహా బయటికి లాగి అద్దం మీద పెట్టుకుని, ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకుగోడ దగ్గర చెయ్యి పెట్టి ఒక్కో వైరునీ కదుపుతున్నాను. భగ్గుమంది. వదిలాను, ఆరింది. కదిపాను, వెలిగింది. కొండ మీద ఫక్రుద్దీన్ బాబా దర్గా దగ్గర కోరిక తీరినవాడి ముఖం ఎలా ఉంటుందో నా ముఖం అప్పుడు అలా ఉండి ఉంటుంది.

కంపెనీ వైరింగు చెక్కుచెదరలేదు. అది కంపెనీ వైరే కాదు. ఇళ్ళ గోడల్లో వేసే ఎర్ర వైరు. స్విచ్ వెనక సైడు లైట్ల లైనులోంచి చీల్చి, రేకుగోడకి రంధ్రం పొడిచి, ఇవతలికి లాగారు. ఆ రంధ్రం అంచుకి రబ్బరు బుష్ లేదు. ఏళ్ళ తరబడి రేకంచు వైరుని కోస్తూనే ఉంది. ఇంజను వైపు ఆ వైరు ఎక్కడికీ వెళ్ళట్లేదు. కొసన బట్ట ప్లాస్టరు చుట్టి వదిలేశారు. ప్లాస్టరు దగ్గర దారంతో కట్టిన చిన్న అట్టముక్క ఉంది. దాని మీద ఇంకుపెన్నుతో, గుండ్రటి అక్షరాలతో: ఫాగ్ లైట్ రిలే, కింద 2003 నాటి తేదీ.

ఆ దస్తూరీ నాకు తెలుసు. హనుమకొండలో ఆ ఇంటి స్విచ్‌బోర్డుల నిండా అదే. పచ్చడి జాడీల మీద కూడా అదే. ఏటూరునాగారం అడవిదారిలో చలికాలం పొగమంచుకి ఫాగ్ లైట్లు పెట్టించానని ఆయన చెబుతుంటారు. పెట్టించలేదన్నమాట, పెట్టారు. లైట్లూ రిలే ఎప్పుడో పోయాయి. ఈ తోక మిగిలింది.

పైకెళ్ళి చెబుదామనే లిఫ్టెక్కాను. తలుపు తీస్తూ మా ఆవిడ ఫోనులో మాట్లాడుతోంది: "లేదు నాన్నా, ఇంకా వెతుకుతూనే ఉన్నారు. నీ కారు కోసం ఎంత కష్టపడుతున్నారో." నా వైపు తిరిగి, కళ్ళతోనే, దొరికిందా అని అడిగింది. కరెంటు విషయంలో భూమ్మీద తప్పు చెయ్యని ఒకే ఒక్క మనిషి అవతల లైనులో ఉన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

అంతవరకూ మర్యాదే అనుకోండి. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. ఆ రోజు నేను వెళ్ళాల్సిన బారసాల ఒకటుంది. "మీరు రాలేరులెండి, కారు పని ఉందిగా" అని ఆవిడే అంది. మరుసటి ఆదివారం అటక సర్దాల్సి ఉంది. అదీ తప్పింది. అమ్మాయికి భిన్నాలు చెప్పే పని మా ఆవిడ తీసుకుంది. నేను కిందికి దిగి, రేకంచుకీ వైరుకీ మధ్య అగ్గిపెట్టె అట్ట మడిచి దూర్చాను. షార్టు అక్కడితో సరి. తర్వాత సీటు వెనక్కి వాల్చి, పాత పాటలు పెట్టుకుని, పేపరు చదివాను. ఎవరైనా లిఫ్టు దిగిన చప్పుడైతే చటుక్కున బానెట్ కిందికి వెళ్ళేవాణ్ణి. రెండు చేతులకీ కాస్త గ్రీజు రాసుకుని పైకెళ్ళేవాణ్ణి. ఆ గ్రీజు చూసి ఆవిడ జాలిపడేది. సర్వపిండి చేసి, డబ్బాలో పెట్టి, అమ్మాయితో కిందికి పంపేది. ఆ సర్వపిండి తింటున్నప్పుడు నా అంతరాత్మ నన్నేమీ అనలేదు. నోరు నిండుగా ఉండటం ఒక కారణం కావచ్చు.

ట్యాగు తీసి పారేద్దామని ఒకసారి అనిపించింది. అబద్ధం చెప్పడం వేరు, సాక్ష్యం మాయం చెయ్యడం వేరు. రెండోదానికి ధైర్యం చాలక ఊరుకున్నాను.

పొగడ్త ఎక్కువైతే ప్రమాదం. కూతురు ఫోనులో పదేపదే మెచ్చుకోవడంతో మామగారికి పౌరుషం వచ్చింది. "గంత పెద్ద ఫాల్టా? నేనే వస్త" అన్నారు. అత్తగారితో సహా హనుమకొండలో బస్సెక్కి, ఉప్పల్లో దిగి, మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చారు. మధ్యాహ్నం అందరం తెల్లాపూర్‌లో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళాలని మా ఆవిడ ముందే ఖాయం చేసింది. ఆ ముందు రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, నేను సెల్లార్‌కి దిగి అగ్గిపెట్టె అట్ట తీసేశాను. డీఈ గారు తనిఖీకి వచ్చేటప్పటికి ఫాల్టయినా నిజాయితీగా ఉండాలిగా.

ఆయన సంచీలో టెస్టరు, కటింగ్ ప్లేయరు, వీటితోపాటు ఒక మెగ్గరు కూడా ఉంది. ఇన్సులేషన్ చూడటానికి 500 వోల్టులు కొట్టే యంత్రం. ఎంపీఎఫ్ఐ కారండీ, కంప్యూటరుంది, పోతుంది అని బతిమాలి దాన్ని సంచీలోనే ఉంచాను. బానెట్ ఎత్తగానే ఆయన అడిగిన మొదటి మాట:

"ఏం అల్లుడూ, ఎల్సీ తీస్కున్నవా?"

లైన్ క్లియర్ కాగితం చేతికి రానిదే బోర్డు మనిషి స్తంభం ఎక్కడు. నేను బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి చూపించాను. ఆయన తృప్తిగా తలూపి, అద్దాలు సర్దుకుని లోపలికి వంగారు. నలభై ఏళ్ళ సర్వీసు ఊరికే పోదు. బల్బూ లేదు, మీటరూ లేదు. వేళ్ళతో తడుముతూ నేరుగా రేకుగోడ దగ్గరికి వెళ్ళారు. నా గుండె గొంతులోకి వచ్చింది. పక్కన మా అమ్మాయి ఉంది.

"గీ ఎర్ర వైరేంది? ఎవడేసిండు? కార్ల ఇంటి వైరేస్తడా ఎవడన్నా! బుష్ లేదు, ఏం లేదు. అక్కల్ లేని ముచ్చట. గసొంటోన్ని బోర్డుల అయితే నేను సస్పెండ్ చేస్తుంటి."

"ఎవరో మెకానిక్ అయ్యుంటాడు మామయ్యగారూ" అన్నాను.

ఆయన వైరు పట్టుకుని ఇవతలికి లాగారు. ప్లాస్టరు వచ్చింది. ప్లాస్టరుతో ట్యాగు వచ్చింది. దాన్ని వెలుతురుకి తిప్పి, అద్దాలు ఒకసారి నుదుటి మీదికి, ఒకసారి ముక్కు మీదికి జరిపి చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత మనవరాలితో, "బిడ్డా, పైకి పొయ్యి తాతకు చాయ్ పట్కరా" అన్నారు. లిఫ్టు తలుపు మూసుకునే దాకా ఏమీ మాట్లాడలేదు.

"నువ్వు ఎన్నడు చూసినవ్ ఇది?"

"కొన్నాళ్ళైంది."

"మరి చెప్పలేదేంది?"

నేను నేలకేసి చూశాను. నిజం చెప్పడానికి మాటలు కూడదీసుకుంటున్నాను. బారసాల, అటక, భిన్నాలు, సర్వపిండి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచలేదు. ఆ మౌనాన్ని ఆయన వేరేగా అర్థం చేసుకున్నారు. కారు మీద చెయ్యి ఆనించి, గొంతు తగ్గించి, "నా ఇజ్జత్ కాపాడినవ్ అల్లుడూ" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. దాన్ని సరిదిద్దడం అల్లుడి లక్షణం కాదనిపించింది.

ఎర్ర వైరుని స్విచ్ దాకా ఊడబీకి, చీల్చిన చోట టేపు చుట్టి, ట్యాగుని జేబులో వేసుకోవడానికి ఆయనకి పావుగంట కూడా పట్టలేదు. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. మా ఆవిడ. గృహప్రవేశానికి టైమవుతోంది, దొరికిందా అని. నేను నోరు తెరిచే లోపల ఆయన ఫోను అందుకున్నారు.

"యాడ దొరుకుతది బిడ్డా, ఇంక సగం ఫీడర్ సూడాలె. మీ అమ్మను తీస్కొని మీరు పొయ్యి రండ్రి. మాకు సాయంత్రం అయితది."

ఫోను నా చేతికిచ్చి, పక్కసీట్లో కూర్చుని, సీటు ఎలా వాల్చాలో అడిగారు. చూపించాను. వాలాక, కళ్ళు మూసుకునే అడిగారు: "గీ కార్ల ఇంక ఏమన్న ఖరాబున్నదా?"

"హారన్ ఒక్కోసారి మోగదండీ."

"ఇయ్యాల ముట్టకు. దానికి దసరాకు వస్తం."